ముసలి పెట్టకు మేత సంచి ఖాళీ కాకపోతే

మీ ఆరేళ్ల నాటు పెట్ట రెండు రోజులుగా మేత ముట్టకుండా, ఈకలు ఉబ్బించుకుని మూలన ముడుచుకుంటోందనీ, తెల్లవారాక కూడా మెడ కింద మేత సంచి నిండుగానే ఉంటోందనీ రాశారు. ఆరోగ్యంగా ఉన్న కోడికి ఆ సంచి రాత్రికి రాత్రే ఖాళీ అయి, ఉదయం చేతికి తగలనంతగా అణిగిపోవాలి. కనుక మేత కిందికి దిగడం లేదనుకోవాలి.

ముందు దాన్ని మిగతా కోళ్లకు దూరంగా, గాలి ఆడే గంప కింద ఎండుగడ్డి పరచి వెచ్చగా ఉంచండి. కోడి ఒంటి వేడి మామూలుగానే 41 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంటుంది గనుక చేతికి వెచ్చగా తగిలినంత మాత్రాన జ్వరమని భయపడవద్దు. ఒక పూట గింజలు ఆపి, శుభ్రమైన నీళ్లు మాత్రం దగ్గర పెట్టండి.

దయచేసి నోరు తెరిచి నీళ్లు పోయకండి, తలకిందులుగా పట్టి కక్కించకండి. కోడికి శ్వాసనాళపు ద్వారం నాలుక మొదట్లోనే ఉంటుంది కాబట్టి ఆ నీరు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నేను ఒక మంచి పెట్టను అలాగే పోగొట్టుకున్నాను. ముక్కు అంచును చుక్కతో తడిపితే అదే గుటక వేస్తుంది.

నోటి నుంచి పులిసిన వాసన వచ్చినా, సంచి గట్టిగా ముద్దలా తగిలినా పశువైద్యుడికి చూపించాలి. రెట్ట ఆకుపచ్చగా పడి, మెడ మెలి తిరుగుతుంటే అది కోళ్లకు వేగంగా అంటుకునే కొక్కెర తెగులు (రాణిఖేత్ వ్యాధి) కావచ్చు. అప్పుడు ఒక్క పూట కూడా ఆగవద్దు.