సూర్యాపేట షెడ్డులో ఉన్న నీ కారు గురించి

చిన్నీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నకిరేకల్ దాటాక నీ మారుతి డీజిల్ కారు ఆగిపోయిందని, ఇంజన్ పట్టేసిందని, నువ్వొక్కదానివే హైవే హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చేసి, క్రేన్ వచ్చేదాకా రోడ్డు పక్కన రెయిలింగ్ అవతల నిలబడి, బండిని సూర్యాపేట షెడ్డులో దింపించి, మళ్లీ బస్సెక్కి హైదరాబాద్ వెళ్లిపోయావని చెప్పింది. రెయిలింగ్ అవతల నిలబడాలని నీకెవరు నేర్పారే తల్లీ? ఆ ఒక్క మాట విన్నాక నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు, సంతోషంతోనే. తర్వాత మీ అమ్మ రెండో మాట చెప్పింది. పది రోజుల్లో ఇంజన్ చేయించేసి సంక్రాంతికి అదే కార్లో విజయవాడ వస్తానన్నావట. దానితో మిగిలిన నిద్ర కూడా పోయింది. అందుకే ఇది రాస్తున్నాను. ఫోన్లో అయితే నువ్వు "సరే మావయ్యా, సరే మావయ్యా" అని పెట్టేస్తావు.

ముందు తిట్టేది తిట్టేస్తాను. హోస్ పైపు పగిలింది, కూలెంట్ అంతా కారిపోయింది, అది నీ తప్పు కాదు, పదకొండేళ్ల రబ్బరు. కానీ టెంపరేచర్ ముల్లు పైకెళ్లడం చూశావు. చూసి కూడా కొర్లపహాడ్ టోల్ గేటు దాకా వెళ్లి ఆపుదామనుకున్నావు. మధ్యలో ముల్లు కిందికి దిగింది కదా, చల్లబడిందేమో అనుకున్నానని మీ అమ్మతో అన్నావట. చల్లబడలేదమ్మా. సెన్సర్ నీళ్లలో మునిగి ఉంటేనే వేడిని సరిగ్గా చెబుతుంది, నీళ్లు మొత్తం పోతే దాని చుట్టూ గాలే మిగులుతుంది కాబట్టి ముల్లు పడిపోతుంది. ముల్లు ఎక్కి ఒక్కసారిగా దిగిందంటే అది అన్నిటికన్నా చెడ్డ కబురు. ఇక జన్మలో మర్చిపోకు. వేడి మీద మూత తిప్పకు, చన్నీళ్లు పోయకు, ఆపేసి దిగిపో, అంతే.

సరే, ఇప్పుడు బండి సంగతి. షెడ్డువాళ్లు మూడు మాటలు చెప్పారు: ఇంజన్ విప్పి చేస్తే లక్షా ఇరవై వేలు, సెకండ్ హ్యాండ్ ఇంజన్ దింపితే 75 వేలకి నాలుగు రోజుల్లో ఇచ్చేస్తాం, లేదా ఉన్నది ఉన్నట్టు మాకే అమ్మేస్తే 90 వేలు. ఈ మూడింట్లో ఒకటి ఇవాళే ఎంచుకోవాలని నువ్వు టెన్షన్ పడుతున్నావు. ఎంచుకోనక్కర్లేదు. ఇంకా ఇంజన్ విప్పనే లేదు. విప్పకుండా ఇంజన్ ఏమైందో నేను చెప్పలేను, వాళ్లూ చెప్పలేరు. "ఇంజన్ పోయింది" అనే మాటకి హెడ్‌కీ బ్లాక్‌కీ మధ్య సీలులా ఉండే హెడ్ గాస్కెట్ కాలడం దగ్గర్నుంచి, పిస్టన్లు తిప్పే ఇరుసు, అదే క్రాంక్, విరగడం దాకా ఏదైనా అర్థం ఉండొచ్చు, మొదటిదానికీ చివరిదానికీ ఖర్చులో ఎంత తేడా ఉంటుందో నీకు నేను చెప్పక్కర్లేదు.

విప్పే ముందు క్రాంక్ పుల్లీ బోల్టుకి స్పానర్ వేసి చేత్తో తిప్పి చూడమను. చల్లారాక తిరుగుతుంటే కింది భాగం బతికే ఉండొచ్చు. ఆయిల్ పుల్ల తీసి చూడమను, పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే నీళ్లు ఆయిల్లోకి వెళ్లాయన్నమాట. తర్వాత హెడ్ ఎత్తాలి. నీ కారుకి కింద బ్లాక్ పోత ఇనుము, పైన హెడ్ అల్యూమినియం. వేడెక్కితే ముందు వంకర పోయేది హెడ్డే. కొద్దిగా వంగితే ఫేసింగ్ చేసి, అంటే అడుగు చదును చేసి వాడుకోవచ్చు, చిట్లితే హెడ్ మార్చాల్సిందే, అది ప్రెజర్ టెస్ట్ చేస్తే తెలుస్తుంది. పిస్టన్ ఆడే బోరు గోడల మీద నిలువు గీతలు ఎంత లోతున్నాయో వేలితో తడిమినా తెలిసిపోతుంది. విప్పి చూపించడానికి ఎంత తీసుకుంటారో ముందే మాట్లాడుకో, ఇంజన్ చేయించకపోయినా ఆ కూలి ఇచ్చేస్తానని చెప్పు. అప్పుడు వాళ్లకీ నిజం చెప్పడంలో ఇబ్బంది ఉండదు.

ఇప్పుడు నీకు ఒక సంగతి చెప్పాలి. మీ అమ్మ నీకు చెప్పి ఉండదు, ఇన్నేళ్లలో నా ముందు కూడా ఎత్తలేదు.

1999 వేసవి. నీకు ఏడో నెల. ఆటోనగర్లో నేను సొంతంగా ఇంజన్ బోర్లు చేసే బోరింగ్ షాపు పెట్టి రెండేళ్లయింది, నా చేతి పని మీద నాకు చాలా గర్వం. నా దగ్గర 1988 మోడల్ మారుతి 800 ఉండేది, సెకండ్ హ్యాండులో కొన్నాను. ఆ ఫిబ్రవరిలో అది బాగా వేడెక్కి గాస్కెట్ కాల్చేసింది. నేనే విప్పాను, మూడు బోర్లూ నా మెషీన్ మీదే చేశాను, అర మిల్లీమీటరు ఓవర్‌సైజ్ పిస్టన్లు వేశాను, హెడ్ ఫేసింగ్ చేశాను. స్టార్ట్ చేస్తే కుట్టు మెషీన్లా ఆడింది. షాపుకొచ్చిన ప్రతివాడినీ పిలిచి వినిపించాను. కానీ అసలది ఎందుకు వేడెక్కిందో చూడలేదు. కూలెంట్ ఖర్చు దండగని ఏళ్ల తరబడి అందులో బోరుబావి నీళ్లే పోశాను, రేడియేటర్ గొట్టాల లోపల సున్నం పేరుకుపోయి సగం మూసుకుపోయాయి. పైనుంచి పైపుతో కడిగి, మెరుస్తోంది కదా అని బిగించేశాను. నెల తిరక్కుండా మళ్లీ గాస్కెట్ పోయింది. అప్పుడైనా ఆగి ఆలోచించాలా? గాస్కెట్ కంపెనీని తిట్టి ఇంకోటి వేశాను. ఆ వారంలోనే ఒకాయన వచ్చి నలభై వేలకి ఇస్తావా అని అడిగితే, దీని మీద పద్దెనిమిది వేలు పెట్టాను, ఇప్పుడెలా ఇస్తాను అని పంపించేశాను. పెట్టిన పద్దెనిమిది వేలు అమ్మినా రావు, అమ్మకపోయినా రావు, అవి అప్పటికే పోయాయి. ఆ చిన్న లెక్క నా బుర్రకెక్కలేదు.

మే నెలలో నీ అన్నప్రాసన అన్నవరంలో చేద్దామని మీ అమ్మమ్మ మొక్కుకుంది. ఎండకి భయపడి రాత్రి బయల్దేరాం, నేను, మీ నాన్న, మీ అమ్మ ఒళ్లో నువ్వు, మీ అమ్మమ్మ. బస్సులో వెళ్దామని మీ నాన్న అన్నాడు, నా ఇంజన్ మీద నమ్మకం లేదా బావా అని నేను గొడవపడ్డాను. ఏలూరు దాటాం, భీమడోలు దాటాం, బానెట్ లోంచి ఆవిరి కమ్ముకొచ్చి బండి ఆగిపోయింది. అప్పట్లో ఆ రోడ్డు రెండు లైన్లే, పక్కన మట్టి మార్జిన్ కూడా సరిగ్గా ఉండేది కాదు. కుడివైపు వెనక చక్రం ఇంకా తారు మీదే ఉంది. బ్యాటరీ దిగిపోయి లైట్లు మిణుకుమంటున్నాయి. నేను బానెట్ ఎత్తి టార్చి పట్టుకుని ఇంజన్నే చూస్తున్నాను, ఇంకేమీ చూడటంలేదు. ఉక్కకి నువ్వు ఏడుపు లంకించుకున్నావు. లోపల గాలాడటంలేదని మీ అమ్మ నిన్నెత్తుకుని కాలవ గట్టు మీదికి వెళ్లి నిలబడింది, నీళ్ల సీసా పట్టుకుని మీ నాన్న వెళ్లాడు. అమ్మమ్మ మోకాళ్ల నొప్పి, దిగలేనంది. నువ్వు ఎంతకీ ఊరుకోకపోతే మీ అమ్మ అక్కణ్నుంచి కేకేసింది, పిల్ల అమ్మమ్మ కోసం ఏడుస్తోంది, దింపి తీసుకురా అని. విసుక్కుంటూ ఆవిడ చెయ్యి పట్టుకుని దింపి నాలుగడుగులు నడిపించాను. గట్టు ఎక్కుతుండగా వెనక చప్పుడు. లారీ మా కారు వెనక మూలకి తగిలి, కారు గిర్రున తిరిగి చేలో పడింది. వెనక సీటు ముందు సీటుకి అతుక్కుపోయింది. లారీ డ్రైవర్ని నేను ఎప్పుడూ ఏమీ అనలేదు, లైట్లు లేని బండి ఆ చీకట్లో ఆయనకెలా కనిపిస్తుంది?

తెల్లారి మొదటి బస్సు ఎక్కి అన్నవరం వెళ్లాం. నీకు ఉంగరంతో పరమాన్నం నాకించారు, నువ్వు ఉమ్మేశావు. మీ అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బావుండేది.

అందుకే చిన్నీ, షెడ్డులో నువ్వు ఎంతవుతుంది అని కాదు, ఎందుకు పోయింది అని ముందు అడగాలి. హోస్ పాతదై పగిలిందా, లేక గాస్కెట్ ముందే లీకై ప్రెజర్ పెరిగి పగిలిందా? ఫ్యాన్ తిరుగుతోందా, వేడెక్కాక కూలెంట్‌ని రేడియేటర్‌కి వదిలే థర్మోస్టాట్ తెరుచుకుంటోందా, వాటర్ పంప్ ఆడుతోందా? దీనికి జవాబు చెప్పలేనివాళ్లు ఇంజన్ ఎంత బాగా చేసినా అది నా మారుతి లాంటి పనే అవుతుంది. ఎస్టిమేట్‌లో రేడియేటర్ క్లీనింగ్, హోసులన్నీ, వాటర్ పంప్, థర్మోస్టాట్ లేకపోతే అది ఎస్టిమేట్ కాదు. ఎలాగూ విప్పారు కాబట్టి టైమింగ్ చైన్ సెట్టు, హెడ్ బోల్టులు కొత్తవి వేయమను. బేరింగులు అరిగి లోహపు రజను ఆయిల్లో తిరిగి ఉంటే టర్బో కూడా చూడాలి, ఆయిల్ కూలర్, ఆయిల్ పైపులు కడగాలి, లేకపోతే కొత్త ఇంజన్ మీద పాత టర్బో పోతుంది.

75 వేల ఇంజన్ మాట వద్దు. మంచివి అసలు ఉండవని కాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ నుంచి మా షాపుకి వచ్చిన ఇంజన్లు చూశాను, పైకి తళతళలాడేవి, లోపల నీళ్లు మింగి కనెక్టింగ్ రాడ్ వంగిపోయి ఉండేది. నీ ముందు పెట్టిన ఇంజన్ ఏ బండిలోంచి వచ్చిందో నీకెలా తెలుస్తుంది? పైగా ఇంజన్ మారితే ఆర్‌సీలో నెంబరు మార్పించుకోవాలి, దానికి బిల్లు, పాత బండి కాగితాలు కావాలి. అవి ఇవ్వలేనంటే ఎంత చవకైనా ముట్టుకోకు. రేపు ఏ ప్రమాదం జరిగినా ఇన్సూరెన్స్ వాళ్లు ముందు చూసేది ఆ నెంబరే. అన్నట్టు, ఈ ఇంజన్ పట్టేసినదానికి మామూలు పాలసీలో ఇన్సూరెన్స్ రాదు, యాక్సిడెంట్ అని రాయించుకోమని ఎవరైనా సలహా ఇస్తే వినకు.

ఇక డబ్బు లెక్క. వాళ్లు లక్షా ఇరవై అన్నారు, విప్పాక పెరుగుతుంది, లక్షా అరవై పెట్టుకో. బాగైన బండి రెండు లక్షల ఎనభైకి పోతుందని నువ్వే చూశావట. అంటే చేయించి అమ్మితే చేతిలో మిగిలేది లక్షా ఇరవై, ఇప్పుడు ఉన్నదున్నట్టు ఇస్తే తొంభై. ముప్పై వేల కోసం నెల రోజుల తిరుగుడు, రిస్కు. అమ్మడం కోసమైతే చేయించొద్దు. ఉంచుకోవడానికైతే వేరే లెక్క. నీ బండి రిజిస్ట్రేషన్ 2029 దాకా ఉంది, ఇంకో నలభై నెలలు అనుకో. పెట్టే లక్షా అరవై, వదులుకునే తొంభై కలిపి రెండున్నర లక్షలు, నెలకి ఆరు వేల చిల్లర పడుతుంది. కొత్తదానికి ఏడు లక్షల లోన్ తీసుకుంటే తొమ్మిదిన్నర వడ్డీకి అయిదేళ్లు నెలనెలా 14,700 దాకా కట్టాలి, చేతి నుంచి పెట్టేది వేరే. కొత్త కారు చివరికి నీకు మిగులుతుంది నిజమే, 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి దిగింది కూడా. కానీ నీ ఉద్యోగం మారే ఆలోచనలో ఉన్నావు, ఇప్పుడు అంత ఈఎంఐ మెడకి తగిలించుకోవడం నాకు నచ్చడంలేదు.

నా మాటగా చెప్పమంటే, క్రాంక్, బ్లాక్ బావుంటే చేయించుకో. మారుతి వాళ్లు 2020 ఏప్రిల్ నుంచి డీజిల్ ఆపేశారు కానీ ఆ 1.3 ఫియట్ ఇంజన్ స్విఫ్ట్‌లో, డిజైర్‌లో, టాటా విస్టాలో, పుంటోలో అన్నిట్లో ఉంది, సామానుకి ఢోకా లేదు. బ్లాక్ చిట్లినా, క్రాంక్ నీలంగా కాలిపోయి కనిపించినా తొంభైకి ఇచ్చేసి వచ్చెయ్. నీ మొదటి జీతాలతో కొన్న బండి అని నాకు తెలుసు, తాళం చెవి మా చేతిలో పెట్టి ఫోటో దిగిన రోజు నాకూ గుర్తుంది. అయినా ఇచ్చెయ్.

చేయిస్తే మాత్రం మొదటి వెయ్యి కిలోమీటర్లు హైదరాబాద్‌లోనే, పగలే, ఎనభై దాటకుండా నడుపు. రోజూ పొద్దున్న చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ చూసుకో. అయిదొందల కిలోమీటర్లకి ఆయిల్ మార్చి, పాత ఆయిల్లో రజను ఉందేమో చూడు. డిక్కీలో రిఫ్లెక్టర్ త్రికోణం ఉందా? అది బండి వెనక బాగా దూరంగా పెట్టాలి, బంపర్‌కి ఆనించి కాదు. మొన్న పెట్టావా లేదా మీ అమ్మని అడిగితే తెలియదంది, నాకు మెసేజ్ చెయ్యి.

పండక్కి బస్సులో రా. రాత్రి బస్సైనా సరే, ఎన్నింటికి దిగినా నేను బస్టాండులో ఉంటాను. ఆదివారం షాపు కట్టేస్తాను కాబట్టి పొద్దున్న మొదటి బస్సుకి నేనే సూర్యాపేట వస్తాను. హెడ్ ఎత్తడానికి నేను వచ్చేదాకా ఆగమని చెప్పు, వంకర చూడటానికి నా స్కేలు తెస్తున్నాను. నువ్వు టిఫిన్ తినకుండా బయల్దేరకు, మీ అత్త ఇద్దరికీ పులిహోర కట్టిస్తానంటోంది.

మావయ్య