ముందు కాపీ, తరువాతే మరమ్మతు

చిరంజీవి చిన్నాకు మామయ్య ఆశీస్సులు.

కంప్యూటర్ ఆన్ చేయగానే నల్లని తెరమీద ‘నో బూటబుల్ డివైస్’ అని వచ్చి ఆగిపోతున్నదనీ, మీ పక్కింటి అబ్బాయి ఫార్మాట్ చేసి విండోస్ మళ్ళీ వేద్దామంటున్నాడనీ రాశావు. అతణ్ణి రెండు రోజులు ఆగమను. తాతయ్యగారి షష్టిపూర్తి ఫోటోలు మరెక్కడా లేవంటున్నావు కాబట్టి, వాటి కాపీ చేతికి వచ్చేదాకా ఆ డిస్కు మీద కొత్తగా ఏదీ రాయించకు.

మొదట బయాస్‌లోకి, అంటే విండోస్ లేవకముందే తెరుచుకొనే సెట్టింగుల తెరలోకి, వెళ్ళి డిస్కు పేరు కనిపిస్తున్నదో లేదో చూడు. కనిపించకపోతే ప్లగ్గు తీసి, డిస్కును మదర్‌బోర్డుకు కలిపే సాటా కేబుల్‌ను రెండు కొసలా ఊడదీసి మళ్ళీ గట్టిగా పెట్టు. కనిపిస్తే అక్కడి తేదీని కూడా గమనించు. గడియారం ఏళ్ళ వెనక్కి పోయి ఉంటే మదర్‌బోర్డు మీది సీఆర్2032 బిళ్ళ బ్యాటరీ అయిపోయిందన్నమాట. కొన్ని బోర్డులలో దానితోపాటు సెట్టింగులు కూడా మొదటికి వచ్చి, యూఈఎఫ్ఐ అనే కొత్త బూట్ పద్ధతిలో లేవవలసిన విండోస్‌ను యంత్రం లెగసీ అనే పాత పద్ధతిలో వెతుకుతూ కూర్చుంటుంది. నేనొకసారి పూటంతా పార్టిషన్లను (డిస్కులోని విభాగాలను) తవ్వి తవ్వి, చివరకు ఆ బిళ్ళ మార్చి, బూట్ మోడ్ సరిచేసి బయటపడ్డాను.

అక్కడ తప్పేమీ లేకపోతే, వేరే కంప్యూటర్‌లో ఒక పెన్‌డ్రైవ్ మీద ఉబుంటు (విండోస్‌లాంటిదే మరో ఆపరేటింగ్ సిస్టమ్) సిద్ధం చేసుకొని, ఇన్‌స్టాల్ జోలికి పోకుండా ‘ట్రై’ అన్నదే ఎంచుకొని, ఫోటోలను బయటి డిస్కులోకి దించుకో. డిస్కుకు బిట్‌లాకర్ అనే విండోస్ తాళం ఉంటే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. దానికోసం ముందు నీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో వెతుకు. ఆ ఉబుంటులోనే డిస్క్స్ అనే ప్రోగ్రాములో స్మార్ట్ వివరాలు, అంటే డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకొనే లెక్కలు, చూడు. పెండింగ్ సెక్టార్ల (చదవడానికి మొరాయిస్తున్న చోట్ల) సంఖ్య పెరుగుతూ ఉంటే, డిస్కులో తప్పులు వెతికే విండోస్ చెక్‌డిస్క్ నడపకు, ఎందుకంటే అది అసలే నీరసించిన డిస్కును ఈ చివరినుంచి ఆ చివరిదాకా పరుగెత్తిస్తుంది. డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాముతో మరో డిస్కులోకి మొత్తం ప్రతి తీయడమే మేలు.

పార్టిషన్లే మాయమైతే బెంబేలు పడకు. డిస్కులో ఏ పార్టిషన్ ఎక్కడున్నదో ఒక పట్టికలో ఉంటుంది. కొత్తదైన జీపీటీ పద్ధతిలో ఆ పట్టిక నకలు ఒకటి డిస్కు చివర కూడా ఉంటుంది. పాత పద్ధతి అయిన ఎంబీఆర్‌కు ఆ భాగ్యం లేదు, బూట్ కోడూ నాలుగు పార్టిషన్ల పట్టికా అన్నీ మొదటి 512 బైట్లలోనే సర్దుకోవాలి. అయినా టెస్ట్‌డిస్క్ అనే ప్రోగ్రాము పార్టిషన్ల ఆనవాళ్ళు వెతికి పట్టికను తిరిగి కట్టగలదు.

ఫోటోలు భద్రమయ్యాకే మరమ్మతు. విండోస్ పెన్‌డ్రైవ్‌తో లేపి, రిపేర్‌లోని కమాండ్ ప్రాంప్ట్ తెరువు. చాలామంది చెప్పే ‘ఫిక్స్ ఎంబీఆర్’ ఆదేశం పాత పద్ధతికి పనికివస్తుందే తప్ప జీపీటీ డిస్కును లేపదు. నీది జీపీటీ అయితే, పార్టిషన్లను చూసుకొనే డిస్క్‌పార్ట్ ఆదేశంలో, బూట్ ఫైళ్ళకోసం సుమారు 100 ఎంబీ ఉండే ఫ్యాట్32 పార్టిషన్‌కు ఒక డ్రైవ్ అక్షరం కేటాయించి, విండోస్ ఫోల్డరు ఎక్కడున్నదో ఆ అక్షరంతోపాటు బీసీడీబూట్ ఆదేశానికి అందిస్తే బూట్ ఫైళ్ళు మళ్ళీ తయారవుతాయి. ఆ వాతావరణంలో మన సి డ్రైవ్ డి అయి కూర్చోవచ్చు, కాబట్టి లోపలి ఫోల్డర్లు చూసి పోల్చుకో. డిస్క్‌పార్ట్‌లో ‘క్లీన్’ అన్న మాట మాత్రం టైపు చేయకు.

బయాస్ తెరను ఫోటో తీసి ఈ రాత్రికే పంపు. డిస్కులోంచి టిక్కుటిక్కుమని చప్పుడు వస్తే మాత్రం ఇవేవీ చేయక, వెంటనే ఆపేసి నాకు ఫోన్ చెయ్యి.

మామయ్య