పెళ్లి వీడియోలకు గాదె: ఈఎంఐ మీద డిస్కుల పెట్టె కొనాలా?

ప్రశ్న: పాలకొల్లు దగ్గర మాకు ఫొటో స్టూడియో ఉంది. నేనూ మా ఆవిడా కలిసి నడుపుతాం. ఏడాదికి పాతిక పెళ్లిళ్లు, ఒక్కోటి సగటున 60,000. ఒక్కో పెళ్లికి 400 జీబీ దాకా ఫుటేజీ వస్తుంది. 14 పోర్టబుల్ డ్రైవులు బిస్కెట్ డబ్బాల్లో పెట్టుకున్నాం. మొన్న మాఘమాసంలో ఒకటి చేయిజారి కింద పడింది. రికవరీకి 22,000 అడిగారు. పెళ్లివారికి 15,000 వెనక్కిచ్చి బయటపడ్డాం. ఇప్పుడు కంప్యూటరు ఆపకుండానే డిస్కు పెట్టి తీసే హాట్‌స్వాప్ బే పెట్టిద్దామనుకుంటున్నాం. ఒక డిస్కు పట్టేది 1,800, నాలుగు పట్టేది 16,500 చెప్పారు. విడిగా నెట్‌వర్క్ స్టోరేజ్ పెట్టె (కంప్యూటరు బయట, రూటర్‌కి కలిపేది) అయితే 46,000, పన్నెండు నెలల నో కాస్ట్ ఈఎంఐ ఇస్తామంటున్నారు. 8 టీబీ (8,000 జీబీ) డిస్కు 20,000. మా సీపీయూ ముందు భాగంలో రెండు డీవీడీ అరలున్నాయి, ఒకదాంట్లో పాత రైటరు ఉంది. బ్యాంకులో 1,10,000 ఉంది, గోల్డ్ లోను 1,50,000, ఇంటి ఖర్చు నెలకి 32,000. ఏది కొనమంటారు? మార్చిలోపు కొంటే టాక్సు తగ్గుతుందా?

జవాబు: ఒక్క డిస్కు పట్టే బేలు (వాటినే ర్యాకులంటారు) రెండు కొనండి, డీవీడీ అరకొకటి. మొత్తం 3,600. ఈఎంఐ వద్దు, బ్యాంకులో డబ్బు ముట్టుకోవద్దు. ఇంత చిన్న జవాబుకి ఇంత పెద్ద ఉత్తరం ఎందుకంటే, మీరు అడిగిన ప్రశ్న పక్కనే అడగని ప్రశ్న ఒకటుంది. డబ్బంతా పోయేది అక్కడే.

బే అనేది గుమ్మం. గాదె కాదు. ధాన్యం పెట్టుకోవాల్సింది గాదెలో, అంటే డిస్కుల్లో. మీరేమో టేకు గుమ్మమా, వేప గుమ్మమా అని ఆలోచిస్తున్నారు. మీరు చెప్పిన రేట్లే తీసుకుని లెక్క కడదాం. 8 టీబీ 20,000 అంటే టీబీకి 2,500. ఒక పెళ్లి 400 జీబీ, అంటే ఒక కాపీకి 1,000 రూపాయల డిస్కు. ఒక్క కాపీ పెట్టుకుంటే ఏమవుతుందో మాఘంలో చూశారు కాబట్టి రెండు కాపీలు, 2,000. పాతిక పెళ్లిళ్లకి ఏడాదికి 50,000. ఏటా! 1,800 బేనా, 16,500 బేనా అన్నది దీని ముందు ఎంత?

కాబట్టి ముందు తగ్గించాల్సింది ఈ 50,000. మీ రసీదు పుస్తకంలో ఒక వాక్యం లేకపోవడమే దీనికంతటికీ మూలమని నా అనుమానం. “ఆల్బమ్, వీడియో అప్పగించాక ఆరు నెలల వరకే ఒరిజినల్ ఫుటేజీ మా దగ్గర ఉంటుంది” అని అచ్చు వేయించి, అడ్వాన్సు తీసుకునేటప్పుడే చదివి వినిపించి సంతకం తీసుకోండి. చాలామంది స్టూడియోవాళ్లకి ఇది చెప్పాలంటే మొహమాటం. మన వైపు మర్యాదలు తెలిసినవే కదా, భోజనానికి కూర్చున్నవాడికి ఇక చాలనడమే రాదు మనకి. కానీ మాట ఇవ్వకుండానే ఏళ్ల తరబడి ఫుటేజీ మోయడం మర్యాద కాదు, వడ్డీ లేని అప్పు ఇవ్వడం. మొత్తం ఫుటేజీ కావాలన్న పెళ్లివారు ఒక డిస్కు కొనిచ్చి తీసుకెళ్లొచ్చని అదే కాగితం మీద రాయండి.

ఆరు నెలలు దాటాక ఫైనల్ వీడియో, ఎంచిన ఫొటోలు మాత్రం ఉంచుకుంటే పెళ్లికి 60 జీబీ సరిపోతుందనుకుందాం. పాతిక పెళ్లిళ్లకి ఒకటిన్నర టీబీ. 8 టీబీ డిస్కు కంప్యూటర్లో పెడితే 7.27 అని చూపిస్తుంది, కంగారు పడకండి. కంపెనీ వెయ్యితో లెక్క కడుతుంది, విండోస్ 1,024తో కడుతుంది, అంతే తేడా. అందులో దగ్గర దగ్గర ఐదేళ్ల ఫైనళ్లు పడతాయి. ఇంకో 8 టీబీ డిస్కులో ఒరిజినల్ ఫుటేజీ 18 పెళ్లిళ్ల వరకు పడుతుంది, ఆరు నెలల గడువుకి అది చాలు. రెండింటికీ రెండో కాపీలు కలిపితే నాలుగు డిస్కులు, 80,000. ఏడాదికి కాదు, ఐదేళ్లకి. ఐదేళ్లు దాటిన డిస్కుని నేనైతే లెక్కల్లోంచి తీసేస్తాను, తిరుగుతున్నా సరే.

ఇక గుమ్మం సంగతి. నాలుగు డిస్కులు పట్టే పెట్టెలు మామూలుగా మూడు డీవీడీ అరల చోటు ఆక్రమిస్తాయి. మీకున్నవి రెండు. అంటే 16,500తో పోదు, క్యాబినెట్ కూడా మార్చాలి. ఇప్పుడొచ్చే గాజు పలకల క్యాబినెట్లలో చాలావాటికి అసలు డీవీడీ అరలే ఉండవు, వెతుక్కోవాలి. ఒక్కో పెద్ద డిస్కు తిరగడం మొదలెట్టేటప్పుడు 12 వోల్టుల లైను మీద దాదాపు రెండు యాంపులు లాగుతుంది. నాలుగూ ఒకేసారి లేస్తే మీ పాత పవర్ సప్లై తట్టుకుంటుందో లేదో కూడా చూడాలి. ఒక వస్తువు కొంటే దాని వెనకాల మూడు వస్తువులు కొనాల్సి వస్తుంటే, మొదటిదాని ధర అబద్ధమన్నమాట. నేను కంప్యూటర్ మెకానిక్‌ని కాను, కానీ ఈ రకం ధరల్ని మాత్రం రోజూ చూస్తుంటాను.

ర్యాకుల్లో ట్రే ఉన్నవి, ట్రే లేనివి అని రెండు రకాలు. ట్రే రకంలో ప్రతి డిస్కునీ నాలుగు మరలతో ఒక ట్రేకి బిగించాలి. డిస్కు పెరిగిన ప్రతిసారీ ఆ మోడల్ ట్రేయే దొరకాలి. రెండేళ్ల తర్వాత ఆ కంపెనీ మోడల్ మార్చేస్తే మీ ర్యాకు ఉత్త డబ్బా. ట్రే లేని రకంలో తలుపు తీసి డిస్కుని అలాగే లోపలికి తోసెయ్యడమే. మీకు రెండోదే కావాలి. కాకపోతే బయటికి తీసిన డిస్కు అడుగున సర్క్యూట్ బోర్డు బట్టలేనట్టు ఉంటుంది. నర్సాపురం వైపు నుంచి వచ్చే ఉప్పుగాలికి మీ ఇంటి కిటికీ గొళ్లాలు ఎలా తుప్పు పట్టాయో ఒకసారి చూడండి. బిస్కెట్ డబ్బాలు వద్దు. డిస్కు కోసమే అమ్మే ప్లాస్టిక్ పెట్టె, లోపల సిలికా జెల్ పొట్లం, పైన పెళ్లివారి పేరు, తేదీ.

అసలు బే ఎందుకు, సీపీయూ పక్క తలుపు తీసి కేబుల్ మారిస్తే పోలా అని మీకు అనిపించవచ్చు. సాటా (డిస్కుని మదర్‌బోర్డుకి కలిపే పద్ధతి) ప్రమాణంలో మామూలు కేబుల్ కనెక్టర్‌ని 50 సార్లు పెట్టి తీసేందుకే తయారుచేస్తారు. బేలో ఉండే కనెక్టర్‌ని 500 సార్లకి. వారానికి రెండుసార్లు డిస్కు మారిస్తే 500 సార్లు కావడానికి ఐదేళ్లు పడుతుంది. అంటే డిస్కుతోపాటే ర్యాకు కూడా రిటైరవుతుంది. లెక్క బాగా కుదిరింది.

బిగించే కుర్రాడికి రెండు మాటలు చెప్పండి, ఇవి అతనికి తెలిసిన సెట్టింగులే. బయాస్‌లో సాటా మోడ్ ఏహెచ్‌సీఐలో ఉండాలి, ర్యాకులు కలిపే రెండు పోర్టులకీ హాట్ ప్లగ్ ఆన్ చేయాలి. ఇవి లేకపోతే డిస్కు పెట్టినప్పుడల్లా రీస్టార్ట్ చేయాలి, 3,600 పెట్టిన సుఖం ఉండదు. మదర్‌బోర్డు మీద రెండు సాటా పోర్టులు ఖాళీగా ఉన్నాయో లేదో కొనకముందే చూపించుకోండి. డీవీడీ రైటరు తీసేస్తే ఒకటి ఎలాగూ వస్తుంది. కొన్ని బోర్డుల్లో, బోర్డు మీదే గుచ్చే ఎమ్.2 ఎస్‌ఎస్‌డీ పెడితే ఒక సాటా పోర్టు ఆగిపోతుంది. తీసేటప్పుడు విండోస్‌లో ఎజెక్ట్ కొట్టి, లోపలి చక్రం ఆగేదాకా పదిహేను సెకన్లు ఆగండి. హాట్‌స్వాప్ అంటే లాగెయ్యమని కాదు.

ఇంకో విషయం, ఇది తెలియక చాలామంది మోసపోతారు. మీ 14 పోర్టబుల్ డ్రైవుల ప్లాస్టిక్ తొక్క విప్పి ఈ బేలో పెట్టొచ్చని ఎవరైనా అంటే నమ్మకండి. చాలా పోర్టబుల్ డ్రైవుల్లో యూఎస్‌బీ పోర్టు నేరుగా బోర్డు మీదే అతికించి ఉంటుంది, సాటా కనెక్టరే ఉండదు. విప్పితే వారంటీ పోవడం తప్ప ఒరిగేదేమీ లేదు. వాటిని అలాగే వాడుకుందాం, ఎలాగో కింద చెప్తాను.

నెట్‌వర్క్ పెట్టె 46,000 అన్నారు. అందులో డిస్కులు కలిపారా? చాలాసార్లు కలపరు. నో కాస్ట్ ఈఎంఐలో బ్యాంకు వడ్డీ వేస్తుంది, అమ్మేవాడు అంత మేరకు ధర తగ్గించినట్టు చూపిస్తాడు. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు మాత్రం మీ నెత్తినే. రొక్కానికి ఇచ్చే తగ్గింపూ పోతుంది. ఇవి చిన్న మొత్తాలే. అసలు ఇబ్బంది వేరే ఉంది. మీ సంపాదన కొబ్బరి దింపు లాంటిది. ముహూర్తాలున్నప్పుడు వస్తుంది, ఆషాఢంలో, మూఢంలో చెట్టు ఖాళీ. ఈఎంఐకి మూఢం ఉండదు, నెలనెలా అయిదో తారీకుకి తలుపు కొడుతుంది. ఆ నెల కట్టలేక కార్డు మీద వదిలేస్తే నెలకి మూడు శాతం పైనే పడుతుంది. ఇప్పుడు గోల్డ్ లోను ఉన్న ఇంట్లోకి ఇంకో అప్పు రానివ్వకండి.

బ్యాంకులోని 1,10,000 మీ ఇంటికి మూడున్నర నెలల తిండి. సీజన్ పనివాళ్లకి ఆరు నెలలది, అంటే 1,92,000 ఉండాలని నేను గట్టిగా చెప్తాను. కాబట్టి అందులోంచి రూపాయి తీయొద్దు.

మరి డబ్బెక్కడిది? వచ్చే ముహూర్తాల అడ్వాన్సుల్లోంచి. ఒక్కో అడ్వాన్సు నుంచి 5,000 పక్కన పెట్టండి. అయిదు బుకింగులకి 25,000. దాంతో రెండు ర్యాకులు, ఒక 8 టీబీ డిస్కు వస్తాయి, 23,600. రెండో కాపీకి ప్రస్తుతానికి ఆ పోర్టబుల్ డ్రైవులే. గడువు తీరిన పాత ఫుటేజీని, ఆ పెళ్లివారికి ఫోన్ చేసి చెప్పి మరీ, తుడిచి ఖాళీ చేసుకోండి. కార్తీకం అడ్వాన్సులతో రెండో డిస్కు, మాఘం నాటికి మూడోది, నాలుగోది ఆ తర్వాత. ఇలా విడివిడిగా కొంటే ఒకే బ్యాచ్ డిస్కులన్నీ ఒకేసారి మొరాయించే భయం కూడా కొంత తగ్గుతుంది. బిల్లు మీద సీరియల్ నంబర్ వేయించుకుని, వారంటీ ఎన్నాళ్లుందో కంపెనీ సైట్లో చూసుకోండి. వారంటీ కొత్త డిస్కు ఇస్తుంది, పెళ్లి ఇవ్వదు.

ఈ మొత్తం ఖర్చు మీది కాకూడదు కూడా. ప్యాకేజీలో “భద్రపరిచే ఖర్చు 1,000” అని విడిగా చూపించండి. 60,000 ఇచ్చేవాళ్లు దానికి బేరమాడరు, ఆడినా మాఘంలో జరిగింది చెప్పండి. ఏడాదికి 25,000. నాలుగు డిస్కులు, రెండు ర్యాకులు 83,600. నాలుగో ఏడు సగం కాకుండానే తీరిపోతుంది, ఆ తర్వాత వచ్చేది మళ్లీ డిస్కులు మార్చే రోజుకి. ఈ వెయ్యి మాత్రం వేరే ఖాతాలో వెయ్యండి, ఇంటి ఖాతాలో వేస్తే కిరాణాలో కరిగిపోతుంది.

టాక్సు గురించి. మీరు చిన్న వ్యాపారుల అంచనా లాభం (ప్రిజంప్టివ్) పద్ధతిలో, అంటే వచ్చిన డబ్బులో 8 శాతం, బ్యాంకు ద్వారా వచ్చినదాంట్లో 6 శాతం లాభంగా చూపిస్తూ ఉంటే, మార్చిలో కొన్నా ఏప్రిల్లో కొన్నా తేడా లేదు. తరుగుదల (వస్తువు పాతబడ్డకొద్దీ తగ్గే విలువ) అందులోనే కలిసిపోయినట్టు లెక్క. పూర్తి పుస్తకాలు రాసేవాళ్లకి కంప్యూటర్ల మీద 40 శాతం తరుగుదల ఉంది, ఏడాదిలో 180 రోజుల కన్నా తక్కువ వాడితే అందులో సగమే. అందుకే వాళ్లకి కూడా మార్చి కొనుగోలు అంత గొప్పదేం కాదు. మీ టర్నోవర్ 15 లక్షలు, సర్వీసులకి జీఎస్టీ రిజిస్ట్రేషన్ గీత 20 లక్షలు. రిజిస్టర్ కాకపోయి ఉంటే డిస్కు ధరలోని 18 శాతం మీకు తిరిగి రాదు, అది ఖర్చే. భద్రపరిచే వెయ్యి కూడా కలుస్తుంది కాబట్టి, ఏడాదికి 32 పెళ్లిళ్లు దాటేటట్టుంటే ముందే ఆడిటర్‌ని కలవండి.

చివరిగా రెండో కాపీ ఎక్కడ పెట్టాలి. అదే బీరువాలో మాత్రం కాదు. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంకల్లో మా క్లయింట్ల ఇళ్లలోంచి పాలసీ బాండ్లు, దస్తావేజులు తడిసి ముద్దలై వచ్చాయి. ఇస్త్రీపెట్టెతో ఆరబెట్టిన కాగితాలు ఇప్పటికీ నా ఆఫీసు ఫైల్లో ఉన్నాయి, ముట్టుకుంటే అప్పడంలా విరుగుతాయి. కాగితానికైనా డూప్లికేట్ తీసుకోవచ్చు. మీ శ్రీమతిగారి పుట్టిల్లు ఏ తాడేపల్లిగూడెం వైపో మెరకలో ఉంటే, నెలకోసారి వెళ్లేటప్పుడు ఒక డిస్కు పట్టుకెళ్లి ఒకటి తెచ్చుకోండి. హాట్‌స్వాప్ బే అసలు ఉపయోగం ఇదే. నెట్‌లో పెట్టడం మీకు కుదరదు, 50 ఎంబీపీఎస్ లైను మీద ఒక్క పెళ్లి ఎక్కడానికే 18 గంటలు పడుతుంది. ఫైనల్ వీడియోల వరకైతే ఆలోచించవచ్చు.

డీవీడీ రైటరు పీకించే ముందు ఒక్క పని చేయండి. పాత రోజుల్లో కస్టమర్లకి ఇచ్చిన పెళ్లిళ్ల మాస్టర్ డీవీడీలు అటక మీద ఉండే ఉంటాయి. వాటిని ముందు డిస్కులోకి ఎక్కించి, అప్పుడు ఆ అర ఖాళీ చేయించండి.