ఘాట్ రోడ్డులో ప్రియస్ పికప్ ఎందుకు పడిపోతుంది?

ఘాట్ రోడ్డు సగం ఎక్కేసరికి పాత టొయోటా ప్రియస్ హైబ్రిడ్ కారు (పెట్రోలు ఇంజన్‌తో పాటు బ్యాటరీ మోటారుతోనూ నడిచేది) పికప్ పడిపోతోందంటే, ముందుగా హెచ్చరిక దీపం వెలిగిందో లేదో గమనించాలి. రెండో తరం ప్రియస్ (2004–2009) బ్యాటరీలో పట్టేది కరెంటు బిల్లు లెక్కన సుమారు 1.3 యూనిట్లే కనుక, ఎడతెగని ఎత్తులో అది త్వరగా తరిగిపోయి, భారమంతా 1.5 లీటర్ల ఇంజన్ మీదే పడుతుంది. అప్పుడు ఇంజన్ రొద పెరిగి బండి నెమ్మదించడం లోపం కాదు.

దీపం వెలిగితే మాత్రం వెనుక సీటు పక్కనున్న గాలి జాలీని చూడండి. అక్కడ సామాను అడ్డుపడినా, లోపలి ఫ్యాన్‌కు దుమ్ము, కుక్క వెంట్రుకలు పట్టినా బ్యాటరీ వేడెక్కుతుంది, దాంతో కంప్యూటర్ దాని నుంచి తీసుకునే శక్తిని తగ్గించేస్తుంది. బ్యాటరీ కరెంటును మోటారుకు తగినట్టు మార్చే ఇన్వర్టర్‌కు విడిగా ఉండే కూలెంట్ డబ్బాలో, బండి ఆన్‌లో ఉండగా ద్రవం కదలకపోతే పంపును అనుమానించాలి.

ఇవన్నీ బాగుంటే బండి కంప్యూటర్‌ను చదివే స్కానర్ తగిలించి, పక్కన కూర్చున్నవారి చేత ఎత్తులో బ్యాటరీలోని 14 బ్లాకుల (సెల్స్ గుంపుల) వోల్టేజీలు చదివించండి: ఆగి ఉన్నప్పుడు అన్నీ సమానంగా కనిపించినా, బరువు పడగానే ఒకటి మిగతావాటి కంటే బాగా దిగిపోతే ఆ బ్లాకు బలహీనపడినట్టే. హైబ్రిడ్ బ్యాటరీ పాడైందని కంప్యూటర్ చూపే పి0ఎ80 (P0A80) కోడ్ వెనుక తరచుగా ఉండేదీ ఇదే. ప్రమాదకరమైన హై వోల్టేజీ ఉండే నారింజ రంగు కేబుళ్ల జోలికి మాత్రం మీరు వెళ్లకండి.