ట్రాక్టర్ వెనక పనిముట్ల క్యారియర్

ప్రశ్న: పార, గడ్డపార, గొడ్డలి, చైన్‌సా అన్నీ ఒకేసారి పొలానికి తీసుకెళ్లేందుకు ట్రాక్టర్ వెనక క్యారియర్ చేయించాను. కొన్నాళ్లకే కింది పిన్ను దగ్గర చదరపు పైపు గోడ చిరిగింది, బల్ల వెనక్కి వాలింది. మళ్లీ చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: క్యారియర్‌ను ట్రాక్టర్ వెనక చేతులకు తగిలించే మూడు పిన్నుల (కింద రెండు, పైన ఒకటి) దగ్గర మొదలుపెట్టండి. బల్ల ఎలా చేసినా నడుస్తుంది, పిన్నుల లెక్క తప్పితే ఏదీ నడవదు. ఆ మూడు చేతుల అమరికను లింకేజి అంటారు, దాని సైజును కేటగిరీతో చెబుతారు. చిన్న, మధ్యరకం ట్రాక్టర్లకు ఎక్కువగా ఉండేది కేటగిరీ 1 లింకేజి. దానికి కింది పిన్నులు 22 మి.మీ., టాప్ లింక్ (పై చేయి) పిన్ను 19 మి.మీ. కింది పిన్నుల భుజాల మధ్య దూరం 683 మి.మీ., వాటి గీత నుంచి పై పిన్ను ఎత్తు 460 మి.మీ. లోయర్ లింక్ (కింది చేయి) కొనన ఉండే బాల్ రంధ్రం 28 మి.మీ. పైచిలుకు ఉంటే అది కేటగిరీ 2. అప్పుడు దూరం 825, ఎత్తు 610.

కింది పిన్నుకు పట్టు ఒక వైపే ఉంటుంది, రెండో కొన గాల్లో ఉంటుంది. ప్రతి గతుకుకూ అది పైపు గోడను మెలిపెడుతుంది. 4, 5 మి.మీ. గోడ ఆ మెలికకు ఎన్నాళ్లో ఆగదు. అడ్డ దూలం 75×75 పైపే పెట్టండి, కానీ రెండు కొనలకూ 12 మి.మీ. ప్లేటు వెల్డు చేసి, ఆ ప్లేటులో నట్టుతో బిగించే పిన్ను వేయండి. పిన్నును నేరుగా వెల్డు చేయొద్దు. గట్టిపరిచిన ఉక్కు వేడికి పెళుసెక్కి, అతుకు పక్కనే విరుగుతుంది. పిన్ను బదులు మామూలు బోల్టు వేస్తే బాల్ దాని మరల (థ్రెడ్ల) మీద కూర్చుని అరగదీస్తుంది.

బల్ల వాలిందంటే పై పిన్ను ఉండే నిలువు స్తంభం పొట్టిగా ఉందేమో, స్తంభం తల నుంచి బల్ల వెనక అంచుకు ఏటవాలు ఊత లేదేమో చూడండి. 150 కిలోల బరువు పిన్నుల గీతకు 60 సెం.మీ. వెనక ఉంటే, 46 సెం.మీ. స్తంభం మీద టాప్ లింక్‌కు పడే లాగుడు సుమారు 196 కిలోలు. స్తంభం 23 సెం.మీ. అయితే అదే 391. ఊతకు 40×40×5 యాంగిల్ వాడండి. పలుచని పట్టీ లాగుడుకు ఆగుతుంది గానీ, బల్ల ఎగిరిపడినప్పుడు వచ్చే నొక్కుడుకు వంగిపోతుంది.

బల్ల లోతు 60 సెం.మీ. దాటనివ్వకండి. వెనక ఇరుసు నుంచి 1.4 మీటర్ల దూరంలో 200 కిలోలు పెడితే, ముందు, వెనక చక్రాల మధ్య 1.9 మీటర్లున్న ట్రాక్టర్‌కు ముందు ఇరుసు మీద సుమారు 147 కిలోలు తగ్గుతాయి. ఎత్తు ఎక్కేటప్పుడు స్టీరింగ్ తేలిపోయేది ఇందుకే.

అన్నీ ట్రాక్టర్‌కు తగిలించి టాక్‌లు (చిన్న చుక్క అతుకులు) మాత్రం వేయండి. బ్యాటరీ తీగలు ముందే తీసేయండి. పూర్తి వెల్డింగ్ క్యారియర్‌ను విప్పి, నేల మీద చేయండి. వెల్డింగ్ చల్లారేటప్పుడు ప్లేట్లు లోపలికి గుంజుకుంటాయి కాబట్టి పిన్ను రంధ్రాల గుండా ఒకే పొడుగు కడ్డీ దూర్చి ఉంచండి. నాలుగు కాళ్లు కూడా పెట్టించండి. లేకపోతే విప్పిన క్యారియర్ వెనక్కి పడుతుంది, మళ్లీ తగిలించడానికి ఇద్దరు మనుషులు కావాలి.

ప్రశ్న: గతుకుల్లో పారలు ఎగిరి పడిపోతున్నాయి. చైన్‌సాను ఎలా పెట్టాలి?

జవాబు: పిడికి 50 మి.మీ. పైపు ముక్క, 20 సెం.మీ. పొడుగు, అడుగు తెరిచి ఉంచండి. అడుగు మూస్తే మట్టి, నీళ్లు నిండి తుప్పు పడుతుంది. గడ్డపార జారిపోకుండా మాత్రం అడుగున రంధ్రమున్న ప్లేటు వేయాలి. పిడిని 60 సెం.మీ. ఎత్తులో ఇంకో కడియం పట్టుకోవాలి, అదే లేకుంటే పైపు ఎంత పొడుగున్నా ఊగుతుంది. మొత్తం వరసను కొద్దిగా వెనక్కి వాల్చండి, డ్రైవర్ వీపు వైపు ఏదీ రాకూడదు. కడియాలకు పాత ట్యూబు రబ్బరు చుడితే చప్పుడూ పోతుంది.

చైన్‌సా బార్ దూరడానికి మందపాటి చెక్కలో గాడి చేయండి. గొలుసు ఇనుముకు తగిలిందంటే పళ్ల పదును పోయినట్టే. పెట్రోలు క్యాన్‌ను సైలెన్సర్‌కు, బ్యాటరీకి దూరంగా, విడిగా బిగించండి.

ప్రశ్న: ఇంత పనెందుకు, రోల్ బార్‌కే పైపులు వెల్డు చేస్తే?

జవాబు: చేయొద్దు. ట్రాక్టర్ బోల్తా పడితే మీ తలను కాపాడాల్సింది అదే. వెల్డింగ్ వేడికి పక్క ఉక్కు బలం మారుతుంది, రంధ్రం కొడితే పగులు అక్కడే మొదలవుతుంది.

ప్రశ్న: క్యారియర్ ఎత్తి పెట్టినా నడుస్తుంటే కిందికీ పైకీ ఆడుతోంది, పక్కలకు ఊగుతోంది.

జవాబు: హైడ్రాలిక్‌ను డ్రాఫ్ట్‌లో (లాగుడు బరువును బట్టి ఎత్తు మార్చేది) కాకుండా పొజిషన్ కంట్రోల్‌లో (పెట్టిన ఎత్తులోనే నిలిపేది) ఉంచండి. చెక్ చైన్లు (కింది చేతులు పక్కలకు ఊగకుండా పట్టే గొలుసులు) బిగించండి, లించ్ పిన్నులు (పెద్ద పిన్నులు జారిపోకుండా కొనన వేసే చిన్న పిన్నులు) ఉన్నాయో లేదో చూసుకోండి. పూర్తిగా ఎత్తినప్పుడు బల్ల మూలలు టైర్లకు గానీ పీటీవో (పనిముట్లను తిప్పే వెనక షాఫ్టు) కవచానికి గానీ తగలడం లేదని ఒకసారి మెల్లగా ఎత్తి చూడండి.