ఒకే పాట, రెండు రికార్డింగులు

ప్రశ్న: ఇంగ్లండ్‌కు చెందిన న్యూ ఆర్డర్ బృందపు తొలి సింగిల్ ‘సెరిమనీ’ నా దగ్గరున్న రెండు సంకలనాల్లో రెండు రకాలుగా వినిపిస్తోంది. వీటిలో ఏది అసలుది?

జవాబు: రెండూ అసలువే, రెండూ 1981లోనే వెలువడ్డాయి. నిజానికి ఈ పాట న్యూ ఆర్డర్ కంటే పాతది. మాంచెస్టర్ బృందం జాయ్ డివిజన్ చివరి రోజుల్లో కూర్చిన పాటల్లో ఇదొకటి. 1980 మే 18న గాయకుడు ఇయాన్ కర్టిస్ మరణించాక, మిగిలిన ముగ్గురు సభ్యులు బృందం పేరును న్యూ ఆర్డర్‌గా మార్చుకుని, అమెరికాలోని న్యూజెర్సీలో మార్టిన్ హానెట్ నిర్మాణంలో దీనిని రికార్డు చేశారు. సాహిత్యం కాగితం మీద దొరకనందున, స్పష్టత లేని రిహార్సల్ టేపును మళ్లీ మళ్లీ విని మాటలను పట్టుకోవలసి వచ్చింది. ఆ రూపాన్ని ఫ్యాక్టరీ రికార్డ్స్ మార్చిలో విడుదల చేసింది. తరువాత గిలియన్ గిల్బర్ట్ బృందంలో చేరడంతో, ఆమెతో కలిసి మళ్లీ రికార్డు చేసిన రూపం అదే ఏడాది సెప్టెంబరులో వచ్చింది. 1987 నాటి ‘సబ్‌స్టెన్స్’ సంకలనంలో ఉన్నది ఈ రెండవదే.

కర్టిస్ గొంతులోనే వినదలిస్తే, 1980 మే 2న బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో జరిగిన జాయ్ డివిజన్ ఆఖరి కచేరీ రికార్డింగు ‘స్టిల్’ ఆల్బమ్‌లో ఉంది, కాకపోతే అందులో ఆరంభ చరణాల్లో ఆయన గొంతు దాదాపు వినిపించదు. రిహార్సల్ రూపం 1997లో వచ్చిన ‘హార్ట్ అండ్ సోల్’ సంపుటిలో దొరుకుతుంది. రెండవ రికార్డింగు మరింత పొందికగా ఉన్నా, మొదటిదానిలోని తడబాటే నాకు ఎక్కువ నచ్చుతుంది.