స్థలం అత్తగారిది, చిన్న గదీ అత్తగారికే

ప్రశ్న: మాది తెనాలి. మామగారు కొని అత్తయ్యగారి పేరున రిజిస్టర్ చేయించిన నాలుగు సెంట్ల స్థలంలో ఇల్లు కట్టబోతున్నాం. చేతిలో 12 లక్షలున్నాయి, 23 లక్షలు లోను పెడదామనుకున్నాం. మా ఇద్దరి జీతాలూ కలిపి 80 వేలు, అద్దె 9 వేలు. మావారు డూప్లెక్స్ అంటే డూప్లెక్సే అంటున్నారు. హాలు పై స్లాబు దాకా ఖాళీగా ఉండాలట, హైదరాబాద్‌లో మా మరిదిగారింట్లో ఉన్నట్టు. 2,100 చదరపు అడుగులకి, అడుగు 2,200 చొప్పున, 46 లక్షలు దాటుతుందన్నాడు ఇంజినీరు. ప్లాన్ మారిన ప్రతిసారీ నా వంటగది చిక్కిపోతోంది. 10×12 ఉన్నది 8×7కి వచ్చింది. మోకాళ్ల నొప్పులతో ఉన్న అత్తయ్యకి మెట్ల పక్కన, బాత్రూం లేని గది వేశారు. ఆవిడేమో విడిగా పూజగది కావాలని పట్టుబట్టి మాట్లాడ్డం మానేశారు. తగ్గిన డబ్బుకి నా బంగారం తాకట్టు పెడదామంటున్నారు. కాదంటే ఇల్లు ఆపించానన్న మాట నాకొస్తుంది. ఏడో తరగతి చదివే పాప ఉంది. ఏం చెయ్యాలి?

జవాబు: మీ వంటగది గురించి బాధపడుతూ రాశారు, అత్తగారి గది సంగతి ఒక్క వాక్యంలో తేల్చేశారు. నేను ఆ వాక్యం దగ్గరే ఆగిపోయానమ్మా. స్థలం ఆవిడది. అందులో లేచే ఇంట్లో ఆవిడ వాటాకి వచ్చింది మెట్ల పక్క గది. రాత్రి లేస్తే హాలంతా దాటుకుని బాత్రూంకి వెళ్లాలి. ‘నా సంగతి ఎవరికీ పట్టలేదు’ అని నోరు తెరిచి అనలేక పూజగది అడుగుతున్నారేమో, ఒక్కసారి ఆలోచించండి. ఆవిడ గది సర్దితే మిగతా చిక్కుల్లో సగం వాటంతటవే విడిపోయేలా ఉన్నాయి.

నైరుతి గది ఆవిడకివ్వండి, బాత్రూంతో సహా. ఇంటి పెద్ద నైరుతిలో ఉంటే వాస్తు చెప్పేవాళ్లూ కాదనరు. ఆ బాత్రూంకి గడప వద్దు, జారని టైల్స్ వేయించండి, కమోడ్ పక్క గోడకి పట్టుకోడానికి స్టీలు కడ్డీ పెట్టించండి. తలుపు మూడడుగులు ఉంచమనండి. రేపు వాకరు పట్టుకుని నడవాల్సి వస్తే రెండున్నర అడుగుల తలుపులోంచి వెళ్లడం కష్టం. సరిగ్గా ఆ గది మీదే మీ ఇద్దరి గది, బాత్రూం మీద బాత్రూం వేస్తే నీళ్ల పైపులన్నీ ఒకే చోట దిగుతాయి, ఖర్చూ లీకుల బెడదా తగ్గుతాయి. కింద రెండో గది పాపకి. రాత్రివేళ నాయనమ్మ పిలిస్తే పలికే మనిషీ ఉంటుంది.

పూజకి గదే అక్కర్లేదు. హాల్లో ఈశాన్యం మూల నాలుగడుగుల వెడల్పు, మూడడుగుల లోతున ఒక అర, ముందు కుర్చీ వేసుకునేంత చోటు చాలు. మోకాళ్ల నొప్పులున్న మనిషి పీట మీద ఎలాగూ కూర్చోలేదు కదా.

ఇప్పుడు డబ్బు. 23 లక్షలు 20 ఏళ్లకి, 8.5 శాతం వడ్డీ అనుకుంటే నెలకి 20 వేల లోపు కడతారు. అదే 46 లక్షల డూప్లెక్స్‌కి తక్కువపడే 34 లక్షలూ లోనైతే 29,500. జీతం 80 వేలే కదా అనిపించొచ్చు. ఇల్లు పూర్తయ్యేదాకా అద్దె ఆగదు, పాప ఫీజులు ఆగవు, అత్తగారి మందులు ఆగవు. పైగా బ్యాంకు డబ్బంతా ఒకేసారి చేతిలో పెట్టదు. ముందు మీ 12 లక్షలు పెట్టించి, ఆ తర్వాత పని జరిగినకొద్దీ విడతలుగా ఇస్తుంది. అంచనా తప్పిందంటే స్లాబు దగ్గరే పని ఆగి, మీ బంగారం అప్పుడు హడావిడిగా తాకట్టుకి వెళ్తుంది. అందుకే ఆ నగలు లెక్కలోకే రానివ్వకండి. 35 లక్షలు అన్నది గీత. అందులో ప్రహరీ, సంపు, సెప్టిక్ ట్యాంకు, కరెంటు మీటరు, గృహప్రవేశం వీటికి 4 లక్షలు పక్కన పెడితే మిగిలిన 31 లక్షలకి 1,400 అడుగులొస్తాయి. కింద 1,100, పైన ఒక గది, బాత్రూం, మెట్లతో 300. మిగతా మేడ తర్వాత. పునాదులూ పిల్లర్లూ మాత్రం పూర్తి రెండంతస్తులకి సరిపడేలా ఇప్పుడే వేయించాలి, అక్కడ తగ్గిస్తే తర్వాత సరిచేయలేం. పైకి వదిలిన చువ్వలు తుప్పు పట్టకుండా పలచటి కాంక్రీటుతో కప్పించండి. కప్‌బోర్డులు, ఫాల్స్ సీలింగ్, పెద్ద గేటు ఎప్పుడైనా పెట్టించుకోవచ్చు. వైరింగు పైపులు, బాత్రూం వాటర్‌ప్రూఫింగు అలా కాదు.

పైదాకా ఖాళీ హాలు పోతుందంటే మీవారు నొచ్చుకుంటారు, నిజమే. తమ్ముడి గృహప్రవేశం నుంచి మనసులో నాటుకున్న కోరికలా ఉంది, దాన్ని వెక్కిరించకండి. హాలు వరకు స్లాబు పదకొండడుగుల ఎత్తులో వేయొచ్చు, వీధివైపు పెద్ద కిటికీ పెట్టొచ్చు, ఎలివేషన్, అంటే ఇంటి ముందువైపు రూపు, ఆయన ఇష్టానికే వదిలేయొచ్చు. పై స్లాబు దాకా ఖాళీ అంటే మీ తాలింపు ఘాటంతా పడగ్గదిలోకి ఎక్కడమేనని కూడా చెప్పండి. ఈ మాటలు అత్తగారి ముందు వద్దు, ఇంజినీరు ముందు అసలే వద్దు. మీరిద్దరే ఉన్నప్పుడు, ‘ఏమండీ, ముందు అత్తయ్యగారి గది సరిచేద్దామా’ అని మొదలుపెట్టండి. నైరుతి గది ఆవిడకేనని కొడుకే వెళ్లి తల్లికి చెప్పాలి. ఆ మాట మీ నోటి నుంచి వస్తే అందులో ఆవిడ ఏదో ఎత్తు వెతుకుతారు.

ఎత్తు అంటే గుర్తొచ్చింది, ఒక చేదు విషయం ఉంది. స్థలం అత్తగారి పేరున ఉన్నంతకాలం మీరు 35 లక్షలు పోసి కట్టినా ఆ స్థలం ఆవిడదే. వీలునామా లేకుండా ఆవిడ కాలం చేస్తే, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం అది కొడుకులిద్దరికీ, కూతుళ్లుంటే వాళ్లకీ, మామగారుంటే ఆయనకీ సమానంగా వస్తుంది. మీ మరిదిగారు మంచివారే కావచ్చు, ఆ సంగతి అప్పుడు తేల్చుకోవడం కంటే ఇప్పుడే అన్నదమ్ములిద్దరూ తల్లి దగ్గర కూర్చుని మాట్లాడుకోవడం నయం. గిఫ్ట్ దస్తావేజా, రిజిస్టరు వీలునామానా, తమ్ముడికి ఇంకేదైనా ఇవ్వాలా అన్నది లాయరుని అడిగి తేల్చుకోండి. కానీ వరస తప్పొద్దు. గది ఇవ్వక ముందే సంతకం అడిగితే ఆవిడ మౌనం ఇంకా గట్టిపడుతుంది.

ఇక మీ వంటగది. ఆగ్నేయంలో కనీసం 8×10 ఉండాలని గట్టిగా అడగండి. బయటికి నాలుగడుగుల యుటిలిటీ ఉంటే అంట్లూ వాషింగ్ మెషీనూ అక్కడికి వెళ్లిపోతాయి. ఎనిమిది బై ఏడులో ఫ్రిజ్ తలుపు తీస్తే పొయ్యి దగ్గర మీరు నిలబడలేరు, కాగితం మీద అది కనిపించదు. పునాది తవ్వకముందే మేస్త్రి చేత స్థలంలో అసలు కొలతలతో ముగ్గు పోయించండి. అత్తగారిని తీసుకెళ్లి ఆవిడ గదిలోంచి బాత్రూం దాకా నడిపించండి. మీరు పొయ్యి ఉండేచోట నిలబడి పక్కకి తిరిగి చూడండి, మీవారిని సోఫా చోట కుర్చీ వేసుకుని కూర్చోమనండి. మార్పులేవైనా ఉంటే అక్కడే చెరిపి మళ్లీ పోయించండి. వాస్తు చూసే ఆయన్నీ ఆ రోజే పిలవండి, ఒక్కరినే. ముగ్గురూ సరేనన్న తర్వాతే ప్లాన్ అనుమతికి పంపండి. బ్యాంకు కూడా ఆ ప్లాన్ చూసే లోను ఇస్తుంది. పని మొదలయ్యాక గోడలు మార్చాలంటే మళ్లీ అనుమతులు, మళ్లీ ఫీజులు పడొచ్చు.